అనేక ఫైళ్లుగా ఉండే శాస్త్రీయ డేటాసెట్ల నిర్వహణ

శాస్త్ర పరిశోధనలో వాడే పెద్ద డేటాసెట్టు ఒకే ఫైలుగా దొరకడం అరుదు. వాతావరణ రికార్డులు ఏడాదికొక ఫైలుగా, ఉపగ్రహ చిత్రాలు పలకలు పలకలుగా, కణభౌతిక ప్రయోగాల ఫలితాలు వేల ఫైళ్ల వరుసలుగా నిల్వ ఉంటాయి. పరిశోధకులు అడిగే ప్రశ్నలకు ఈ ఫైళ్ల హద్దులతో పనిలేదు. నూరేళ్లలో వాన ఎలా మారింది, ఒక రాష్ట్రంలో సాగుభూమి ఎంత, సముద్రం ఎంత లోతు దాకా వేడెక్కింది అన్నవి వారి ప్రశ్నలు. ఫైళ్లకు పద్ధతిగా పేర్లు పెట్టడం, ఏ ముక్క ఎక్కడ అతుకుతుందో రాసి ఉంచడం, కలిపేటప్పుడు సరిచూడడం, కలిపి వాడినదాన్ని తర్వాతివారు మళ్లీ సరిగ్గా అలాగే తెచ్చుకోగలిగేలా భద్రపరచడం అన్నీ కలిసి ఈ నిర్వహణ అవుతుంది.

ఈ పనికి మూలమైన చిక్కు ఒకటే. ముక్కల మధ్య ఉన్న సంబంధం ఏ ఒక్క ముక్కలోనూ ఉండదు. 1987 ఫైలు కనిపించడం లేదన్న సంగతి 1986 ఫైలుకూ తెలియదు, 1988 ఫైలుకూ తెలియదు. ఆ సంబంధాన్ని ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట రాసిపెట్టాలి. రాయకపోతే కలిపే ప్రోగ్రాము ఊహించుకుంటుంది. ఊహ తప్పినప్పుడు ప్రోగ్రాము ఆగిపోతే మేలు. ఆగకుండా ఒక సంఖ్యను చేతికిస్తే ఆ సంఖ్య నేరుగా పరిశోధన పత్రంలోకి చేరుతుంది. ఈ రంగంలో నలభై ఏళ్లుగా పుట్టిన ఫార్మాట్లు, నియమాలు, సాధనాలు దాదాపు అన్నీ ఆ ఊహకు చోటు తగ్గించడానికి జరిగిన ప్రయత్నాలే.

ఒక ఉదాహరణ: భారత వర్షపాత ఫైళ్లు

భారత వాతావరణ శాఖ పుణె కార్యాలయం అందించే రోజువారీ వర్షపాత డేటాను దగ్గరగా చూస్తే ఈ పని స్వరూపం అర్థమవుతుంది. 6,955 వర్షమాపక కేంద్రాల రికార్డుల ఆధారంగా తయారై 2014లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ డేటా 1901 నుంచి మొదలవుతుంది. కొత్త సంవత్సరాలు ఎప్పటికప్పుడు చేరుతుంటాయి. దక్షిణాన 6.5 డిగ్రీల అక్షాంశం నుంచి ఉత్తరాన 38.5 డిగ్రీల దాకా, పడమట 66.5 డిగ్రీల రేఖాంశం నుంచి తూర్పున 100 డిగ్రీల దాకా పావు డిగ్రీకొక బిందువు చొప్పున అడ్డంగా 135, నిలువుగా 129, మొత్తం 17,415 బిందువులు ఉంటాయి. ఒక్కో బిందువుకు ఆ రోజు వాన ఎన్ని మిల్లీమీటర్లో ఒక సంఖ్య. ఏడాదికొక ఫైలు.

ఈ డేటాను బైనరీ రూపంలో తెచ్చుకుంటే ఫైలులో సంఖ్యలు తప్ప మరేమీ ఉండవు. తేదీలు ఉండవు, అక్షాంశాలు ఉండవు, ఇది వర్షపాతం అన్న మాట కూడా ఉండదు. ఒక్కో సంఖ్యకు 4 బైట్లు, కాబట్టి రోజుకు 69,660 బైట్లు. మామూలు సంవత్సరం ఫైలు 2,54,25,900 బైట్లు, లీపు సంవత్సరం ఫైలు 2,54,95,560 బైట్లు ఉండి తీరాలి. మధ్యలో తెగిపోయిన డౌన్‌లోడును పట్టుకోవడానికి ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. ఫైలు సైజును 69,660తో భాగిస్తే శేషం లేకుండా 365 గానీ 366 గానీ రావాలి, ఆ వచ్చిన సంఖ్య ఫైలు పేరులోని సంవత్సరానికి సరిపోవాలి. ప్రోగ్రాములో రెండు వరుసల పని ఇది. చేసేవారు తక్కువ.

హైదరాబాదుకు దగ్గరి బిందువు 17.5 ఉత్తర అక్షాంశం, 78.5 తూర్పు రేఖాంశం. దక్షిణపు అంచు నుంచి 44 వరుసలు దాటి, ఆ వరుసలో పడమటి అంచు నుంచి 48 బిందువులు దాటితే అది వస్తుంది, అంటే ప్రతి రోజు పటంలోనూ 5,989వ సంఖ్య. 1901 నుంచి 2020 దాకా 120 ఫైళ్లు, 43,830 రోజులు. ప్రతి ఫైలునూ తెరిచి, ప్రతి రోజు పటంలోనూ ఆ 5,989వ సంఖ్యను ఏరుకుంటే నగరం నూట ఇరవై ఏళ్ల వాన చరిత్ర చేతికొస్తుంది. కావలసినది 1,75,320 బైట్లు. దానికోసం తిరగవలసిన ఫైళ్ల మొత్తం పరిమాణం సుమారు 305 కోట్ల బైట్లు. ఒక రోజు దేశపటం కావాలంటే ఒకే ఫైలులో ఒకేచోట చదివితే చాలు. ఒక ఊరి కాలశ్రేణి కావాలంటే అన్ని ఫైళ్లనూ తడమాలి. ఫైళ్లను ఏ దిక్కున కోశారో ఆ దిక్కున చదివితే వేగం, దానికి అడ్డంగా చదివితే నత్తనడక. ఏ కోత అయినా కొందరికి అనుకూలం, కొందరికి ప్రతికూలం. ఈ బిగువు నుంచి ఏ ఫార్మాటూ పూర్తిగా తప్పించుకోలేదు.

కొలత లేనిచోట వర్షపాత ఫైలులో -999 అని ఉంటుంది. అదే శాఖ ఇచ్చే గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల ఫైళ్లు డిగ్రీకొక బిందువు చొప్పున 31 × 31గా ఉంటాయి. వాటిలో లేని కొలతకు గుర్తు 99.9. వానకు రాసిన ప్రోగ్రామును ఉష్ణోగ్రతకు అలాగే వాడితే సముద్రం మీద 99.9 డిగ్రీల వేడి తేలుతుంది. -999 ఏ సగటులో కలిసినా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 99.9 అలా కాదు. తీరప్రాంతపు సగటులో ఒకటి రెండు చోట్ల కలిస్తే ‘వడగాలి బాగా ఉంది కాబోలు’ అనుకునేంత సహజంగా ఇమిడిపోతుంది.

వర్షమాపకం రీడింగు ఉదయం 8.30కి తీస్తారు. జూన్ 10 కింద ఉన్న విలువ జూన్ 9 ఉదయం 8.30 నుంచి జూన్ 10 ఉదయం 8.30 దాకా కురిసిన వాన. నాసా అందించే ఐమెర్గ్ ఉపగ్రహ వర్షపాత డేటా అరగంటకొక ఫైలు చొప్పున రోజుకు 48, ఏడాదికి 17,520 ఫైళ్లుగా, గ్రీనిచ్ కాలం ప్రకారం ఉంటుంది. మన 8.30 గ్రీనిచ్‌లో 3 గంటలు. ఈ రెంటినీ పోల్చాలంటే ముందురోజు 3 గంటలకు మొదలయ్యే ఫైలు నుంచి 48 ఫైళ్లు లెక్కపెట్టి కూడాలి. పైగా ఆ విలువలు గంటకు ఇన్ని మిల్లీమీటర్లన్న లెక్కలో ఉంటాయి కాబట్టి మొత్తాన్ని సగం చేయాలి. అందులో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత వస్తాయి కనుక పటాన్ని తిప్పుకోవాలి కూడా. ఇవేవీ పట్టించుకోకుండా తేదీకి తేదీ అతికిస్తే ఒకే తుపాను వాన రెండు డేటాల్లో రెండు రోజుల్లో కురిసినట్టు కనిపిస్తుంది. నింద ఉపగ్రహం మీద పడుతుంది.

ఫైళ్లు ముక్కలుగా ఎందుకు ఉంటాయి

మొదటి కారణం కాలమే. పరికరం కొలుస్తూ పోతుంది, వచ్చిన కొలతను వచ్చినట్టు రాయాలి. పూర్తయిన ఫైలును మళ్లీ ముట్టుకోకపోవడం క్షేమం, ఎందుకంటే రాస్తుండగా కరెంటు పోతే చెడేది ఆ ఒక్క ఫైలే. తప్పు దొరికినప్పుడు ఒక్క ఏడాది ఫైలు మార్చి మిగతావి అలాగే ఉంచవచ్చు. వేల ప్రాసెసర్ల మీద నడిచే లెక్కల్లో ఒక్కో ప్రాసెసర్ తన వంతు ఫైలు తాను రాసుకుంటే ఒకరికోసం ఒకరు ఆగనక్కర్లేదు.

పరిమాణం మరో కారణం. ఐరోపా మధ్యకాలిక వాతావరణ సూచన కేంద్రం తయారుచేసే ఎరా5 పునర్విశ్లేషణ 1940 నుంచి గంటగంటకూ భూగోళమంతటి వాతావరణాన్ని ఇస్తుంది. పావు డిగ్రీ గ్రిడ్ మీద 1,440 × 721 బిందువులు. సంఖ్యకు 4 బైట్ల లెక్కన ఒక్క చరరాశికి ఒక్క ఏడాదికే 36 గిగాబైట్లు దాటుతుంది. చరరాశులు వందల్లో ఉంటాయి, వాటిలో చాలావాటికి ఎత్తు స్థాయిలు వేరు. పాత ఫార్మాట్ల పరిమితులూ ఉండేవి. తొలినాటి నెట్‌సీడీఎఫ్ ఫైళ్లకు 2 గిగాబైట్ల దగ్గర ఇబ్బంది మొదలయ్యేది. 2004లో వచ్చిన 3.6 కూర్పు దాన్ని సడలించింది. అప్పటికే ఎన్నో కేంద్రాల్లో నెలకొక ఫైలు, పదేళ్లకొక ఫైలు అన్న అలవాటు పాతుకుపోయింది.

చిన్న చిన్న ఫైళ్లు అతిగా పెరిగినా ప్రమాదమే. సూపర్ కంప్యూటర్లలో వాడే లస్టర్ వంటి ఫైల్ వ్యవస్థల్లో ఫైలు ఎక్కడుందో చెప్పే సర్వరు వేరే ఉంటుంది. పది లక్షల చిన్న ఫైళ్లను తెరిచే ప్రోగ్రాము ఆ సర్వరును ఉక్కిరిబిక్కిరి చేసి, దానితో సంబంధం లేని ఇతరుల పనిని కూడా ఆపేస్తుంది. అందుకే చాలా కేంద్రాలు ఒక్కొక్కరికి ఇన్ని గిగాబైట్లనే కాక ఇన్ని ఫైళ్లని కూడా హద్దు పెడతాయి. మామూలు లైనక్స్ యంత్రంలో ఒక ప్రోగ్రాము ఒకేసారి తెరిచి ఉంచగల ఫైళ్లు సాధారణంగా 1,024. వందేళ్ల డేటాను రోజుకొక ఫైలుగా పెట్టుకున్నవారికి ఈ హద్దు తొలి ఏళ్లలోనే అడ్డుపడుతుంది.

తనను తాను చెప్పుకునే ఫైలు

ముక్కలు సరిగ్గా అతకాలంటే ప్రతి ముక్కా తానేమిటో చెప్పగలగాలి. ఖగోళ శాస్త్రజ్ఞులు 1981లోనే ఫిట్స్ ఫార్మాటును ప్రకటించి ప్రతి చిత్రానికీ ముందు చదవదగిన శీర్షికను తప్పనిసరి చేశారు. 1980ల మధ్యలో నాసా గోడార్డ్ కేంద్రం రూపొందించిన సీడీఎఫ్ స్ఫూర్తితో, అమెరికాలోని బౌల్డర్‌లో ఉన్న యూనిడేటా నెట్‌సీడీఎఫ్‌ను తయారుచేసి 1989లో విడుదల చేసింది. ఇలినాయ్ విశ్వవిద్యాలయపు సూపర్ కంప్యూటింగ్ కేంద్రంలో పుట్టిన హెచ్‌డీఎఫ్ 1998లో హెచ్‌డీఎఫ్5గా కొత్త రూపు దాల్చింది. 2008లో వచ్చిన నెట్‌సీడీఎఫ్-4 ఆ హెచ్‌డీఎఫ్5నే పునాదిగా తీసుకుంది. ఈ ఫైళ్లలో సంఖ్యలతో పాటు చరరాశి పేరు, కొలమానం, అక్షాలు, లేని విలువకు గుర్తు అన్నీ ఉంటాయి.

ప్రపంచ వాతావరణ సంస్థ వాడుకలోకి తెచ్చిన గ్రిబ్ దారి వేరు. అందులో ప్రతి పటమూ తన శీర్షికను తనతోనే మోసుకొచ్చే విడి సందేశం. రెండు గ్రిబ్ ఫైళ్లను ఒకదాని వెనుక ఒకటి అంటిస్తే చెల్లుబాటయ్యే మూడో గ్రిబ్ ఫైలు వస్తుంది. నెట్‌సీడీఎఫ్‌లో అలా కుదరదు, శీర్షిక మొత్తం ఫైలుకూ ఒకటే. కలపడం విషయంలో గ్రిబ్ ఇచ్చిన ఈ సౌలభ్యాన్ని తక్కువ చేయలేం. సూచన కేంద్రాలు ఇన్నేళ్లుగా దాన్ని వదలకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఫార్మాటు ఒకటైనా పేర్లు ఒకటి కావు. ఒకరు ఉష్ణోగ్రతకు ‘టీ’ అని రాస్తే మరొకరు ‘టెంప్’ అంటారు. 2003లో తొలి కూర్పు వెలువడిన సీఎఫ్ నియమావళి ఈ పేర్లకు ప్రామాణిక పట్టికను, కాలాన్ని ‘ఫలానా తేదీ నుంచి ఇన్ని రోజులు’ అని రాసే పద్ధతిని, పంచాంగం పేరు చెప్పే పద్ధతిని స్థిరపరిచింది. వాతావరణ, సముద్ర శాస్త్రాల్లో వేర్వేరు దేశాల ఫైళ్లు నేడు ఒకేచోట తెరుచుకుంటున్నాయంటే ఆ ఘనతలో పెద్ద వాటా ఈ నియమావళిదే.

పేర్లు, చిట్టాలు

ఫైలు పేరు అన్నిటికంటే పాత మెటాడేటా. ప్రపంచ వాతావరణ నమూనాల ఆరో దశ పోలిక కార్యక్రమం సీమిప్6 దీన్ని కట్టుదిట్టంగా వాడింది. అందులో పేరు అనేది వరుసగా చరరాశి, పట్టిక, నమూనా, ప్రయోగం, ఆ ప్రయోగపు పరుగు గుర్తు, గ్రిడ్, కాలవ్యవధి. జర్మనీ మాక్స్ ప్లాంక్ సంస్థ నమూనా చారిత్రక ప్రయోగపు నెలవారీ గాలి ఉష్ణోగ్రత ఫైళ్లలో మొదటిది 185001-186912 అని ముగుస్తుంది, అంటే 1850 జనవరి నుంచి 1869 డిసెంబరు దాకా. తర్వాతి ఫైలు 187001తో మొదలవ్వాలి. పేర్లను మాత్రమే చదివి మధ్యలో ఖాళీ ఉందో లేదో చెప్పేయవచ్చు, ఒక్క ఫైలు కూడా తెరవనక్కర్లేదు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ నమూనా ఫలితాలు కూడా ఇదే పద్ధతిలో ఆ కార్యక్రమంలో చేరాయి.

పేరు ఒక్కటే సరిపోని చోటికి ఆర్గో కార్యక్రమం మంచి నిదర్శనం. అందులో ప్రపంచ సముద్రాల్లో సుమారు 4,000 తేలియాడే పరికరాలు వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్ల దాకా దిగి, పైకి వస్తూ ఉష్ణోగ్రతను, లవణీయతను కొలిచి ఉపగ్రహం ద్వారా పంపుతాయి. ఒక్కో ప్రయాణపు కొలతలు, అంటే ఒక ప్రొఫైలు, ఒక్కో నెట్‌సీడీఎఫ్ ఫైలు. 2012లో పది లక్షల ప్రొఫైళ్ల మైలురాయి దాటింది. హిందూ మహాసముద్రానికి ప్రాంతీయ కేంద్రం హైదరాబాదులోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం. ప్రపంచ స్థాయి నిల్వలు ఫ్రాన్సులోని బ్రెస్ట్‌లో, అమెరికాలోని మాంటెరేలో ఉన్నాయి.

ఆర్గో ఫైలు పేరు ముందు ఆర్ అక్షరం ఉంటే అది పరికరం నుంచి వచ్చిన వెంటనే యంత్రం సరిచూసిన డేటా. నెలల తర్వాత నిపుణులు పక్కనున్న కొలతలతో పోల్చి, సెన్సారు కొలతలో క్రమంగా వచ్చిన తేడాను సవరించాక అదే ఫైలు డీ అక్షరంతో మళ్లీ వస్తుంది. ప్రపంచ నిల్వలో పాతది పోయి కొత్తది దాని స్థానంలో చేరుతుంది. సొంత కంప్యూటరులో మాత్రం, కొత్తవి తెచ్చుకోవడమే తప్ప పాతవి తీసేయని వారి దగ్గర, రెండూ ఉండిపోతాయి. ఫోల్డరులోని ఫైళ్లన్నిటినీ చదవమని చెప్పిన ప్రోగ్రాము ఒకే కొలతను రెండుసార్లు లెక్కేస్తుంది, అందులో ఒకటి సవరించనిది. ఈ అపాయానికి విరుగుడును ఆర్గో తానే సిద్ధం చేసింది. ప్రతి ప్రొఫైలు ఫైలు ఎక్కడుందో, తేదీ, అక్షాంశ రేఖాంశాలు, సంస్థ, చివరిసారి ఎప్పుడు మారిందో వరుసకొకటి చొప్పున రాసిన చిట్టా ఫైలు ఒకటి నిత్యం తాజా అవుతుంటుంది. పని ఆ చిట్టాతో మొదలుపెట్టాలి. ఫోల్డరులో ఏముందో చూసి మొదలుపెట్టేవారు తమ దగ్గర మిగిలినదాన్నే డేటాసెట్టు అనుకునే పరిస్థితిలో పడతారు.

అతుకుల దగ్గర వచ్చే తప్పులు

చోటు కలిసిరావడానికి చాలా నెట్‌సీడీఎఫ్ ఫైళ్లలో దశాంశ సంఖ్యలను 2 బైట్ల పూర్ణాంకాలుగా కుదించి, ఒక గుణకం, ఒక కూడికతో అసలు విలువ రాబట్టేలా రాస్తారు. ఎరా5 డేటాను నెట్‌సీడీఎఫ్‌గా దించుకున్నవారికి చాలాకాలం ఇలాగే అందింది. గుణకం, కూడిక ప్రతి ఫైలుకూ వేరు. లెక్క కోసం ఒక జత ఫైళ్లను ఊహిద్దాం. మొదటి ఫైలులో గుణకం 0.002, కూడిక 280. రెండో ఫైలులో 0.0018, 276. రెంటిలోనూ 10,000 అన్న పూర్ణాంకం ఉందనుకుంటే మొదటిదాని అర్థం 300 కెల్విన్, రెండోదాని అర్థం 294 కెల్విన్. విప్పకుండా పూర్ణాంకాలను కలిపేసి మొదటి ఫైలు శీర్షికనే మిగిల్చుకుంటే రెండోది కూడా 300 అయిపోతుంది. ఆరు డిగ్రీల తప్పు. అయినా 27 డిగ్రీల సెల్సియస్ ఎవరికీ అనుమానం రేపే ఉష్ణోగ్రత కాదు. ఈ రంగంలో అత్యంత హానికరమైన తప్పు ఏదంటే దీన్నే చెప్పాలి. దీన్ని తప్పించే మార్గం కష్టమైనది కాదు, కలపడానికి ముందు అన్నిటినీ విప్పాలి.

కాలం దగ్గర రెండు రకాల తప్పులు వస్తాయి. ప్రతి ఏడాది ఫైలూ తన జనవరి 1 నుంచి రోజులు లెక్కపెడితే, మూలతేదీని చదవని ప్రోగ్రాముకు అన్ని ఫైళ్లలోనూ 0 నుంచి 364 దాకా ఒకే సంఖ్యలు కనిపిస్తాయి. రెండోది పంచాంగం. అమెరికా సెస్మ్2 నమూనాలో లీపు సంవత్సరం లేదు. బ్రిటన్ యూకే-ఈఎస్‌ఎం1లో ఏడాదికి 360 రోజులు, ప్రతి నెలకూ 30, కాబట్టి ఫిబ్రవరి 30 ఉంటుంది. ఈ రెండు నమూనాలను రోజువారీగా పక్కపక్కన పెట్టడానికి ఏదో ఒక నిర్ణయం తీసుకోక తప్పదు. ఆ నిర్ణయమేమిటో రాసిపెట్టాలి.

ఎరా5లోనే ఇంకొకటి ఉంది. చివరి రెండు మూడు నెలల డేటా ప్రాథమిక రూపంలో ముందుగా వస్తుంది, తుది రూపం తర్వాత వస్తుంది. రెండూ కలిసే కాలానికి డేటా అడిగిన చాలామందికి ఫైలులో కూర్పు సంఖ్య అనే అదనపు అక్షం చేరి వచ్చింది. ఒక కూర్పులో విలువ ఉన్నచోట రెండోదానిలో ఖాళీ. పాత ఫైళ్లలో లేని అక్షం కొత్త ఫైలులో ప్రత్యక్షం కావడంతో ఏళ్లుగా నడుస్తున్న ప్రోగ్రాములు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆగిపోయినవి అదృష్టవంతులవి.

నేలను పలకలుగా కోసినప్పుడు కూడా అతుకులు ఉంటాయి. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు దాదాపు 110 కిలోమీటర్ల చదరపు పలకలుగా వస్తాయి, పక్కపక్క పలకల అంచులు ఒకదానిపై ఒకటి పడతాయి. సాగుభూమి విస్తీర్ణాన్ని పలక పలకకూ లెక్కించి కూడితే అంచుల్లోని పొలాలు రెండుసార్లు లెక్కకొస్తాయి. అంతకంటే చిక్కు పటప్రక్షేపం. ఈ పలకలు యూటీఎం మండలాల ప్రకారం ఉంటాయి, ఒక్కో మండలం ఆరు డిగ్రీల రేఖాంశం. 78 డిగ్రీల దగ్గర 43వ మండలం ముగిసి 44వది, 84 డిగ్రీల దగ్గర 45వది మొదలవుతాయి. అనంతపురం 43లో, హైదరాబాదు, విజయవాడ 44లో, ఇచ్ఛాపురం 45లో పడతాయి. అంటే ఒక్క ఆంధ్రప్రదేశ్ పటానికే మూడు మండలాల పలకలు కావాలి. ప్రతి మండలంలోనూ తూర్పుకొలత మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తారు కనుక వాటిని నేరుగా అతకడానికి వీల్లేదు, ముందు అన్నిటినీ ఒకే ప్రక్షేపంలోకి మార్చాలి. జీడాల్ అనే సుప్రసిద్ధ సాధనంలో పలకలను కల్పిత పటంగా కూర్చే ఆదేశం వేరే ప్రక్షేపంలో ఉన్న ఫైలు ఎదురైతే ఒక హెచ్చరిక అచ్చువేసి దాన్ని వదిలేసి ముందుకు సాగుతుంది. వందల వరుసల అచ్చులో ఆ హెచ్చరిక కొట్టుకుపోతే ఉద్దానం లేని శ్రీకాకుళం పటం తయారవుతుంది.

కలిపే సాధనాలు

వాతావరణ శాస్త్రంలో రెండు పాత సాధనాలు ఇప్పటికీ నిత్యం వాడుకలో ఉన్నాయి. 1990ల మధ్యలో చార్లీ జెండర్ మొదలుపెట్టిన ఎన్‌సీఓ, హాంబర్గ్‌లోని మాక్స్ ప్లాంక్ వాతావరణ శాస్త్ర సంస్థ తయారుచేసిన సీడీఓ. ఇవి ఫైళ్లను నిజంగా కలిపి కొత్త ఫైలు రాస్తాయి. ఎన్‌సీఓలో ఒక ఆదేశం కాలం వెంట అతుకుతుంది, మరొకటి ఒకే కాలానికి చెందిన వేర్వేరు నమూనా పరుగులను కొత్త అక్షం వెంట పేరుస్తుంది. మొదటిది వాడవలసినచోట రెండోది వాడితే ఫైలు తయారవుతుంది కానీ అర్థం పోతుంది.

కొత్త ఫైలు రాయకుండానే కలిపి చూపించడం ఇంకో మార్గం. యూనిడేటా వారి థ్రెడ్స్ సర్వరులో చిన్న ఎక్స్ఎంఎల్ వివరణ రాస్తే వందల ఫైళ్లు బయటివారికి ఒకే డేటాసెట్టుగా కనిపిస్తాయి. సింక్రోట్రాన్ కేంద్రాల్లో ఒకే డిటెక్టరు ముక్కలు వేర్వేరు ఫైళ్లకు రాస్తాయి. వారి అవసరం నుంచి పుట్టిన కల్పిత డేటాసెట్టు సదుపాయం 2016లో హెచ్‌డీఎఫ్5 1.10 కూర్పులో చేరింది. పైథాన్ వాడేవారికి 2014లో వెలువడిన ఎక్స్‌అరే నేడు మొదటి ఎంపిక. ఫైళ్ల పట్టిక ఇస్తే శీర్షికలు చదివి, అక్షాలను బట్టి వరుస పెట్టి, డాస్క్ అనే సాధనం సాయంతో అవసరమైన ముక్కనే అవసరమైనప్పుడు తెస్తుంది. ఇంత సౌకర్యంలోనూ ఒక జాగ్రత్త ఉంది. రెండు ఫైళ్లలో అక్షాంశాలు 17.5, 17.500001గా ఉంటే, అన్నీ ఉంచుకోమన్న పద్ధతిలో కలిపినప్పుడు అది రెండు వేర్వేరు వరుసలుగా ఉంచి సగం చోట్ల ఖాళీలు నింపుతుంది. అచ్చంగా సరిపోతేనే కలపమని చెప్పే ఎంపిక అందులోనే ఉంది. పరిశోధనలో వాడవలసింది అదే. అప్పుడు పొంతన కుదరకపోతే లోపం చూపి ఆగిపోతుంది.

కణభౌతికశాస్త్రంలో పరిస్థితి కొంత తేలిక. సెర్న్‌లో 1995లో మొదలైన రూట్ వ్యవస్థ అనేక ఫైళ్లలోని ఘటనలను ఒకే గొలుసుగా చదువుతుంది. ఒక్కో ఘటన మరోదానితో సంబంధం లేనిది కాబట్టి వరుస మారినా ఫర్వాలేదు. అయితే ఒక ఫైలు చదవకుండా వదిలేస్తే దానికి సరిపడా ఢీకొట్టింపుల లెక్కను కూడా హారం నుంచి తీసేయాలి. లేకపోతే కొలిచిన సంభావ్యత ఆ మేరకు తగ్గిపోతుంది.

క్లౌడ్ నిల్వ, జార్

క్లౌడ్ నిల్వల్లో ఫైలును తెరిచి అటూ ఇటూ జరగడం ఖరీదు, ప్రతి అడుగూ నెట్‌వర్కు మీద ఒక విన్నపం. మలేరియా జన్యు డేటాతో పనిచేస్తున్న అలిస్టర్ మైల్స్ మొదలుపెట్టిన జార్ ఫార్మాటు దీనికి సరళమైన జవాబు ఇచ్చింది. బహుళ అక్షాల పట్టికను సమానమైన తునకలుగా కోసి, ఒక్కో తునకను ఒక్కో వస్తువుగా, వివరాలను విడిగా జేసన్ పాఠంగా ఉంచుతుంది. తునక పేరులోనే దాని స్థానసంఖ్య ఉంటుంది, కాబట్టి ఎక్కడుందో వెతకనక్కర్లేదు. తునక పరిమాణాన్ని ఎలా ఎంచుకోవాలన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. ఎరా5లో గంటకొక తునక అంటే ఒక్క చరరాశికే ఏడు లక్షల వస్తువులు దాటుతాయి. మళ్లీ చిన్న ఫైళ్ల బెడద. మూడో కూర్పులో అనేక తునకలను ఒకే మూటలో ఉంచే సదుపాయం అందుకే వచ్చింది.

ఉన్న లక్షల నెట్‌సీడీఎఫ్ ఫైళ్లను జార్‌లోకి మార్చాలంటే డేటా రెండింతలవుతుంది. కెర్‌చంక్ అనే సాధనం ఆ అవసరం లేకుండా చేసింది. ప్రతి ఫైలునూ ఒకసారి పరిశీలించి, ఫలానా తునక ఫలానా ఫైలులో ఇన్నో బైటు నుంచి ఇన్ని బైట్ల మేర ఉందని ఒక చిట్టా రాస్తుంది. తర్వాత చదివేవారు ఆ చిట్టాను జార్‌లా తెరుస్తారు, అసలు ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి. అసలు ఫైలు ఒకటి మారితే చిట్టాలోని బైటు స్థానాలు తప్పుతాయి కాబట్టి, ఈ పద్ధతి మారని నిల్వలకే నప్పుతుంది.

సరిచూడడం, ఉదహరించడం

ఫైలు చెక్కుచెదరలేదని చెప్పడానికి షా-256 వంటి చెక్‌సమ్ వాడతారు. ఫైలులో ఒక్క బిట్ మారినా చెక్‌సమ్ మారుతుంది. ఒక్కో ఫైలుకు చెక్‌సమ్ ఉంటే ఆ ఫైలు బాగుందని తెలుస్తుంది కానీ అన్ని ఫైళ్లూ ఉన్నాయని తెలియదు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, కాలిఫోర్నియా డిజిటల్ లైబ్రరీ ప్రచారంలోకి తెచ్చిన బ్యాగిట్ పద్ధతి (2018లో ఆర్ఎఫ్‌సీ 8493గా ప్రచురితం) ఈ రెండో ప్రశ్నకు కూడా జవాబిస్తుంది. డేటా ఫోల్డరు పక్కన ప్రతి ఫైలు పేరు, చెక్‌సమ్ రాసిన చిట్టా ఉంటుంది. చిట్టాలో ఉండి ఫోల్డరులో లేనిదీ తప్పే, ఫోల్డరులో ఉండి చిట్టాలో లేనిదీ తప్పే. ఇంత నిరాడంబరమైన పద్ధతి విశ్వవిద్యాలయ ప్రయోగశాలల్లో ఇంకా ఎక్కువగా వాడుకలోకి రావాలి. దానికి కొత్త సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, పెద్ద బడ్జెట్టూ అక్కర్లేదు. గిట్-అనెక్స్, డీవీసీ వంటి సాధనాలు ఇదే ఆలోచనకు కాలక్రమాన్ని చేర్చి, ఏ రోజు ఏ ఫైళ్లతో పనిచేశారో గుర్తుంచుకుంటాయి.

పెరుగుతూ, మారుతూ ఉండే డేటాసెట్టును పరిశోధన పత్రంలో ఉదహరించడం ఇంకా కష్టం. ఆర్గోలో కొత్త ఫైళ్లు రోజూ చేరుతాయి, పాతవి సవరణ పొందుతాయి. నిన్న చదివిన డేటాసెట్టు ఇవాళ లేదు. ఆర్గో నిర్వాహకులు మొత్తం డేటాసెట్టుకు డీఓఐ అనే శాశ్వత గుర్తింపును ఒక్కటే ఇచ్చి, నెలకోసారి నిల్వ మొత్తాన్ని ఉన్నదున్నట్టు మూటగట్టి, ఒక్కో నెల మూటకు అదే డీఓఐ వెనుక ఒక తోక తగిలించారు. తోక లేకుండా రాస్తే ఆర్గో మొత్తం అని అర్థం. తోకతో రాస్తే ఫలానా నెల నాటికి ఉన్న ఆర్గో అని అర్థం. ఆ నెల మూటను దించుకున్నవారికి ఆర్, డీ అక్షరాలతో సహా అప్పటి ఫైళ్లన్నీ అప్పుడున్న రూపంలోనే దొరుకుతాయి.